సీరియంతో పాలిమరీకరణం, ఫెర్రాయిన్‌తో లెక్క: రంగు చెప్పేది సరిగా చదవడం ఎలా

మిథైల్ మెథాక్రిలేట్, గ్లిజరాల్ కలిపిన నీళ్లలో సీరిక్ అమ్మోనియం నైట్రేట్ ద్రావణం పోస్తే మొదట అంతా పసుపుగా ఉంటుంది. కాసేపటికి ఆ పసుపు పలచబడుతుంది, ద్రావణం పాలలా తెల్లబడుతుంది, అడుగున తెల్లటి పొడి చేరుతుంది. ఆ పొడి పాలీమిథైల్ మెథాక్రిలేట్, అంటే అక్రిలిక్ షీట్లు తయారయ్యే ప్లాస్టిక్కే. ఒకే లోహ సంక్లిష్టం ఇక్కడ రెండు పనులు చేస్తోంది. గొలుసును మొదలుపెడుతోంది, తాను ఎంత మిగిలి ఉందో తన రంగుతో చూపిస్తోంది. ఎమ్మెస్సీ ప్రయోగశాలలో చేయదగిన ఈ ప్రయోగాన్ని మొదటి నుంచి చివరి దాకా వివరిస్తాను.

ముందుగా ఒక మాట మనసులో నాటుకోండి. రంగు పోయిందంటే సీరిక్ అయాన్ (నాలుగు ధనావేశాల సీరియం) ఖర్చయిందని మాత్రమే అర్థం. పాలిమర్ ఏర్పడిందనీ కాదు, పాలిమరీకరణం పూర్తయిందనీ కాదు. సీరిక్ ఖర్చును ఫెర్రాయిన్ అనే రంగు సూచికతో, ఏర్పడిన పాలిమర్‌ను తూచి, విడివిడిగా కొలవాలి. విద్యార్థుల రికార్డు పుస్తకాల్లో తరచుగా కనిపించే తప్పుడు నిర్ధారణ ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లే వస్తుంది. అందుకే ఇక్కడ తయారీకి ఎంత చోటు ఇచ్చానో కొలతకూ అంత చోటు ఇచ్చాను.

లోపల జరిగేది

సీరియం నాలుగు ధనావేశాల స్థితిలో పసుపు నుంచి నారింజ రంగులో ఉంటుంది, మూడు ధనావేశాల స్థితిలో రంగు ఉండదు. సీరిక్ అయాన్‌కు ఎలక్ట్రాన్ మీద తగని ఆకలి. ఆ ఆకలిని కొలిచే పొటెన్షియల్ నైట్రిక్ ఆమ్లంలో సుమారు 1.61 వోల్టులు. ఆల్కహాల్ ఎదురైతే ముందు దాన్ని లైగాండ్‌గా (లోహానికి అతుక్కునే అణువుగా) పట్టుకుని సంక్లిష్టం కడుతుంది. ఆల్కహాల్‌ను గుర్తించడానికి డిగ్రీలో చేసే సీరిక్ అమ్మోనియం నైట్రేట్ పరీక్షలో కనిపించే ఎరుపు ఈ సంక్లిష్టానిదే. తర్వాత ఆ సంక్లిష్టం విడిపోతుంది. ఆల్కహాల్ నుంచి ఒక ఎలక్ట్రాన్ సీరియానికి చేరుతుంది, ఒక ప్రోటాన్ నీళ్లలోకి పోతుంది, మిగిలిన ముక్క రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్క) అవుతుంది. ఆ రాడికల్ మోనోమర్ (ఇక్కడ మిథైల్ మెథాక్రిలేట్) ద్విబంధం మీద పడితే గొలుసు మొదలవుతుంది.

గ్లిజరాల్‌లో పక్కపక్క కార్బన్‌ల మీద హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి కాబట్టి అది మామూలు ఆల్కహాల్‌ల కంటే తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది. చవక, ఆవిరి కాదు, అన్ని చోట్లా దొరుకుతుంది. అందుకే ఇక్కడ దాన్నే ఎంచుకున్నాను. బెంజోయిల్ పెరాక్సైడ్ వంటి ఉష్ణ ఇనిషియేటర్‌లకు (వేడితో గొలుసును మొదలుపెట్టే పదార్థాలకు) 60 నుంచి 80 డిగ్రీల వేడి కావాలి. సీరిక్, గ్లిజరాల్ వంటి రెడాక్స్ జంటకు (ఎలక్ట్రాన్ తీసుకునేది, ఇచ్చేది) 35 డిగ్రీలు చాలు. ఈ పద్ధతిలోని పెద్ద సుగుణం ఇదే.

ఈ రసాయనానికి మన దగ్గర మంచి చరిత్ర ఉంది. పాలిమర్ శాస్త్రవేత్త ఎం. సంతప్ప 1951లో ఎం. జి. ఇవాన్స్, ఎన్. ఉరిలతో కలిసి, కాంతి సాయంతో నీటి ద్రావణంలో వినైల్ మోనోమర్‌లను పాలిమరీకరించడం మీద పరిశోధన ప్రచురించారు. అందులో గొలుసును మొదలుపెట్టింది ఫెర్రిక్ అయాన్ జంటలు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన శిష్యులు లోహ అయాన్‌లతో జరిగే పాలిమరీకరణాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. 1967లో ఆయనకు భట్నాగర్ పురస్కారం వచ్చింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగానూ పనిచేశారు. ఇక టైట్రేషన్ వైపు చూస్తే, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి. గోపాలరావు, ఆయన శిష్యులు రెడాక్స్ అంశమాపనాల (టైట్రేషన్‌ల) మీద చేసిన కృషి విశ్లేషణ రసాయన శాస్త్రంలో పేరున్నది. ఈ రెండు సంప్రదాయాలూ ఈ ప్రయోగంలో ఒకే బల్ల మీద కలుస్తాయి.

1. జాగ్రత్తలు, పని మొదలుపెట్టక ముందే

మిథైల్ మెథాక్రిలేట్ సుమారు 10 డిగ్రీల వద్దే మంటను అందుకోగల ఆవిరిని ఇస్తుంది, చర్మానికి అలర్జీ కలిగిస్తుంది. ఫ్యూమ్ హుడ్‌లోనే కొలవండి. పలుచని రబ్బరు చేతితొడుగుల్లోంచి ఈ ద్రవం తేలిగ్గా దిగుతుంది. మీద పడితే వెంటనే తొడుగు మార్చండి.

సీరిక్ అమ్మోనియం నైట్రేట్ బలమైన ఆక్సీకారిణి. ఘనరూపంలో దాన్ని గ్లిజరాల్‌తో గానీ, మరే కర్బన పదార్థంతో గానీ కలపకూడదు. గాఢ నైట్రిక్ ఆమ్లంలో గ్లిజరాల్ పోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అది పేలుడు పదార్థానికి దారి. ఈ ప్రయోగంలో ఆ రెండూ కలిసేది బాగా పలచబడ్డాకే. నైట్రిక్ ఆమ్లం ఉన్న వ్యర్థాలను అసిటోన్, మిథనాల్ ఉన్న సీసాలో పోసి మూత బిగించడమూ అంతే ప్రమాదం. వ్యర్థాలకు రెండు సీసాలు ముందే పెట్టుకుని, వాటి మీద పేర్లు రాసి ఉంచండి.

2. మోనోమర్‌ను శుద్ధి చేయడం

ఈ అంచెను దాటేయాలని చాలామందికి అనిపిస్తుంది. దాటేస్తే మిగతా ప్రయోగమంతా వృథా. సీసాలో వచ్చే మోనోమర్‌లో నిల్వ కోసం హైడ్రోక్వినోన్ గానీ, దాని మోనోమిథైల్ ఈథర్ గానీ కలిపి ఉంటుంది. హైడ్రోక్వినోన్‌ను సీరిక్ అయాన్ చూసీచూడగానే ఆక్సీకరిస్తుంది. ఒక్కో అణువు రెండు సీరిక్ అయాన్‌లను తినేసి బెంజోక్వినోన్‌గా మారుతుంది. ఆ బెంజోక్వినోన్ కూడా రాడికల్‌లను పట్టేసే నిరోధకమే. అంటే మీ కళ్ల ముందు పసుపు రంగు చకచకా తగ్గిపోతుంది, మీరు సంతోషిస్తారు, పాలిమర్ మాత్రం రాదు. రంగును నమ్మి మోసపోయే సందర్భాల్లో ఇది మొదటిది.

పద్ధతి ఇది. సెపరేటింగ్ ఫన్నెల్‌లో 50 మి.లీ. మోనోమర్ తీసుకుని, 5% సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో 10 మి.లీ. చొప్పున కడగండి. అడుగు పొర మొదట గోధుమ రంగులోకి తిరగవచ్చు. అది రంగు లేకుండా వచ్చే వరకు కడగడం ఆపవద్దు. తర్వాత స్వేదన జలంతో, కడిగిన నీరు లిట్మస్‌కు తటస్థంగా వచ్చే దాకా కడగండి. అనార్ద్ర సోడియం సల్ఫేట్ వేసి ఒక గంట ఉంచి వడకట్టండి. వాక్యూమ్ ఉంటే తగ్గించిన పీడనంలో స్వేదనం చేసి, మొదట వచ్చిన కొంత భాగాన్ని పక్కన పెట్టి మధ్య భాగాన్ని తీసుకోండి. మామూలు పీడనంలో ఇది 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది కానీ, నిరోధకం లేని మోనోమర్‌ను అంత వేడి చేస్తే ఫ్లాస్క్‌లోనే గట్టిపడిపోగలదు. వాక్యూమ్ లేకపోతే క్షార అల్యూమినా నింపిన చిన్న కాలమ్ గుండా పంపండి, ఈ ప్రయోగానికి అది చాలు.

శుద్ధి చేసిన మోనోమర్‌ను ఫ్రిజ్‌లో ఉంచి, అదే రోజు లేదా మర్నాడు వాడేయండి.

3. ద్రావణాలు

నైట్రిక్ ఆమ్లం, 1 మోలార్: గాఢ ఆమ్లం 16 మి.లీ. తీసుకుని నీళ్లలో పోసి 250 మి.లీ. చేయండి.

సీరిక్ అమ్మోనియం నైట్రేట్, 0.1 మోలార్: 5.48 గ్రాములు తూచి, 1 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో కరిగించి 100 మి.లీ. చేయండి. వట్టి నీళ్లలో కరిగించవద్దు. ఆమ్లం తగ్గితే సీరిక్ అయాన్ జలవిశ్లేషణ చెంది ద్రావణం మసకబారుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లమూ పనికిరాదు. సల్ఫేట్ అయాన్ సీరియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, పొటెన్షియల్ 1.44 వోల్టులకు దిగుతుంది, ఆల్కహాల్‌కు లైగాండ్‌గా చోటు దొరకదు. పసుపు అలాగే ఉండిపోతుంది, చర్య నత్తనడకన సాగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే క్లోరైడ్ కూడా ఆక్సీకరణం చెంది క్లోరిన్ వస్తుంది. ఒకే అయాన్ స్వభావం చుట్టూ ఉన్న లైగాండ్‌ను బట్టి ఇంతగా మారడం గమనించండి. లోహ సంక్లిష్టాల పాఠంలో కాగితం మీద చదివిందంతా ఈ ఒక్క సీసాలో కనిపిస్తుంది.

గ్లిజరాల్, 0.5 మోలార్: 4.6 గ్రాములు నీళ్లలో కలిపి 100 మి.లీ. చేయండి.

మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్), 0.01 మోలార్: 0.98 గ్రాములు 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి 250 మి.లీ. చేయండి. గాలికి ఇది నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతుంది, కాబట్టి ఏ రోజుకు ఆ రోజు తాజాగా చేసుకోవాలి.

సీరిక్ సల్ఫేట్, 0.005 మోలార్: పైన చేసిన 0.1 మోలార్ సీరిక్ ద్రావణాన్ని ప్రమాణీకరించి, అందులో 25 మి.లీ. తీసుకుని, 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 500 మి.లీ. వరకు పలచన చేయండి. టైట్రేషన్‌లో మాత్రం సల్ఫేటే మేలు. పైన దోషంగా చెప్పిన నిదానమే ఇక్కడ గుణం. శాంపిల్‌లో మిగిలిన గ్లిజరాల్‌ను అది తొందరపడి ముట్టుకోదు.

ఫెర్రాయిన్: 1,10-ఫినాంత్రోలీన్ మోనోహైడ్రేట్ 1.485 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.695 గ్రాములు నీళ్లలో కరిగించి 100 మి.లీ. చేస్తే 0.025 మోలార్ ద్రావణం వస్తుంది. ఇనుము చుట్టూ మూడు ఫినాంత్రోలీన్ అణువులు చేరిన ఈ ఎర్రటి సంక్లిష్టాన్ని సీరిక్ టైట్రేషన్‌లకు సూచికగా వాల్డెన్, హామెట్, చాప్‌మన్ 1931లో పరిచయం చేశారు. సుమారు 1.06 వోల్టుల దగ్గర ఎరుపు పోయి లేత నీలం వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 0.025 మోలార్ ఫెర్రాయిన్ ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. అనుకుంటే, ఆ చుక్క ఒక్కటే మన పలుచని సీరిక్ సల్ఫేట్‌ను 0.25 మి.లీ. తినేస్తుంది. మనం కొలవబోయే మొత్తం తేడా 5 మి.లీ. అయినప్పుడు ఇది చిన్న దోషం కాదు. అందుకని ఫెర్రాయిన్‌ను 10 రెట్లు పలచన చేసి, ప్రతి టైట్రేషన్‌లోనూ సరిగ్గా అవే రెండు చుక్కలు వేయండి. ఆ మాత్రం రంగు కంటికి ఆనుతుంది.

4. చర్యను నడపడం

250 మి.లీ. మూడు మూతుల ఫ్లాస్క్ తీసుకోండి. ఒక మూతికి నైట్రోజన్ గొట్టం, ఒకదానికి కండెన్సర్, ఒకదానికి రబ్బరు బిరడా. మొత్తం 100 మి.లీ. కోసం కొలతలు ఇవి: స్వేదన జలం 80 మి.లీ., 1 మోలార్ నైట్రిక్ ఆమ్లం 10 మి.లీ., గ్లిజరాల్ ద్రావణం 4 మి.లీ., మోనోమర్ 1.07 మి.లీ., చివరగా సీరిక్ ద్రావణం 5 మి.లీ.

1.07 మి.లీ. మోనోమర్ అంటే సరిగ్గా 1 గ్రాము, 0.1 మోలార్. మిథైల్ మెథాక్రిలేట్ నీళ్లలో లీటరుకు దాదాపు 15 గ్రాములే కరుగుతుంది. అంతకన్నా ఎక్కువ పోస్తే నూనెలా పైన తేలుతుంది, అప్పుడు మీరు లెక్కించే గాఢతకు అర్థం ఉండదు.

నీళ్లు, ఆమ్లం, గ్లిజరాల్ కలిపి 35 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టి, అరగంట పాటు నైట్రోజన్‌ను అడుగు నుంచి బుడగలుగా పంపండి. ఆక్సిజన్ రాడికల్‌లను పట్టుకుని గొలుసు పెరగకుండా చేస్తుంది. సిలిండర్ నైట్రోజన్‌లో కూడా కాస్త ఆక్సిజన్ ఉంటుంది, వీలైతే క్షార పైరోగాలాల్ సీసా గుండా, తర్వాత నీళ్ల సీసా గుండా పంపండి. అరగంట అయ్యాకే మోనోమర్ కలపండి. ముందే కలిపితే బుడగలతో పాటు అది కూడా ఆవిరైపోతుంది. మోనోమర్ పూర్తిగా కరిగే వరకు కలియబెట్టి, గొట్టాన్ని ద్రవం పైకి తీసి, నైట్రోజన్‌ను పైన మాత్రమే ప్రవహించనివ్వండి. విజయవాడ వంటి చోట్ల మే నెలలో గది వేడే 35 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు బాత్‌లో చల్లటి నీళ్లు కలుపుతూ ఉష్ణోగ్రతను నిలపాల్సి వస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి.

సీరిక్ ద్రావణాన్ని కూడా విడిగా కొద్దిసేపు నైట్రోజన్‌తో శుద్ధి చేసి, పిపెట్‌తో 5 మి.లీ. ఒకేసారి పోసి, గడియారం నొక్కండి. పోసిన క్షణంలో రంగును జాగ్రత్తగా చూడండి. ఆల్కహాల్‌తో సంక్లిష్టం కట్టడం వల్ల పసుపు కాస్త ముదురుతుంది. ఇంత పలుచని ద్రావణంలో పరీక్ష నాళికలో చూసినంత ఎరుపు ఆశించవద్దు. దాన్ని స్పష్టంగా చూడాలంటే విడిగా ఒక నాళికలో 0.1 మోలార్ సీరిక్ ద్రావణం 1 మి.లీ.కు గ్లిజరాల్ ద్రావణం కొన్ని చుక్కలు కలిపి చూడండి.

ఫ్లాస్క్ మీద నేరుగా ఎండ పడనివ్వవద్దు. సీరిక్ అయాన్ కాంతికి స్పందిస్తుంది, వెలుతురులో నీటిని కూడా ఆక్సీకరించి అదనపు రాడికల్‌లను పుట్టించగలదు.

ఫెర్రాయిన్‌ను నేరుగా ఈ ఫ్లాస్క్‌లోనే వేసి రంగు మారడం చూద్దామా అని ఎవరికైనా అనిపిస్తుంది. వేయకండి. ఆక్సీకరణం చెందిన ఇనుప సంక్లిష్టం కూడా పెరుగుతున్న గొలుసు నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని దాన్ని ఆపేయగలదు. సూచిక ప్రేక్షకుడిగా ఉండాలి, చర్యలో చేయి పెట్టకూడదు. దాని స్థానం టైట్రేషన్ ఫ్లాస్క్.

5. సీరిక్ ఎంత మిగిలిందో కొలవడం

కోనికల్ ఫ్లాస్క్‌లు వరసగా పెట్టి, ఒక్కోదానిలో మోర్ లవణం 5 మి.లీ. పిపెట్‌తో తీసుకుని, 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. కలిపి ఉంచండి. మొదట శాంపిల్ లేని ఫ్లాస్క్‌కు రెండు చుక్కల ఫెర్రాయిన్ వేసి, 10 మి.లీ. మైక్రో బ్యూరెట్‌తో సీరిక్ సల్ఫేట్‌ను పోస్తూ టైట్రేట్ చేయండి. దాదాపు 10 మి.లీ. పడుతుంది. ఇదే మీ ఖాళీ విలువ. మోర్ లవణం గాఢతలో ఉన్న చిన్న తేడా, సూచిక తినే భాగం, రెండూ ఇందులోనే ఇమిడిపోతాయి.

తర్వాత చర్య ఫ్లాస్క్ నుంచి 2, 5, 10, 20, 40 నిమిషాలకు 5 మి.లీ. చొప్పున తీసి, నేరుగా మోర్ లవణంలోకి వదలండి. ఫెర్రస్ అయాన్ సీరిక్‌ను తక్షణం క్షయకరిస్తుంది కాబట్టి చర్య అక్కడికక్కడే ఆగుతుంది. పిపెట్ మొన వెడల్పుగా ఉండాలి, సన్నదైతే పాలిమర్ కణాలు అడ్డుపడతాయి. నోటితో పీల్చవద్దు, రబ్బరు బల్బు వాడండి. ఇప్పుడు ఫెర్రాయిన్ వేసి, మిగిలిన ఫెర్రస్‌ను సీరిక్ సల్ఫేట్‌తో కొలవండి.

అంతిమ బిందువు గురించి రెండు మాటలు. పుస్తకంలో ఎరుపు నుంచి లేత నీలం అని రాసి ఉంటుంది. ఇంత పలుచని ద్రావణంలో ఆ నీలం దాదాపు కనిపించదు. ఎరుపు ఛాయ పూర్తిగా పోవడమే మీ గుర్తు. తెల్ల కాగితం మీద ఫ్లాస్క్ పెట్టుకుని, పక్కన టైట్రేషన్ అయిపోయిన ఫ్లాస్క్‌ను పోల్చడానికి ఉంచుకోండి. ఎరుపు పోయి 15 సెకన్లు రాకుండా ఉంటే చాలు. ఆ తర్వాత మెల్లగా తిరిగి వస్తే అది గ్లిజరాల్ పని, పట్టించుకోవద్దు.

లెక్క చాలా తేలిక. ఖాళీ విలువలోంచి శాంపిల్ విలువ తీసేయండి. ఒక్కో మిల్లీలీటరు తేడాకు చర్య ఫ్లాస్క్‌లో 0.001 మోలార్ సీరిక్ ఉన్నట్టు. ఖాళీ 10.0, శాంపిల్ 7.2 అనుకుంటే మిగిలిన సీరిక్ 0.0028 మోలార్. మొదట్లో ఉన్నది 0.005. అంటే 44% ఖర్చయింది. ఈ ద్రావణాల బలాలను లెక్క ఇలా సులువుగా తేలేలా ఎంచుకున్నాను, మార్చుకుంటే లెక్కా మారుతుంది.

రెండో శాంపిల్‌కే సీరిక్ అంతా అయిపోతే గ్లిజరాల్‌ను సగం చేయండి. 40 నిమిషాలకూ కదలిక లేకపోతే ఉష్ణోగ్రతను 40 డిగ్రీలకు పెంచి మళ్లీ చూడండి.

కంటితో రంగు చూసి సరిపెట్టుకోకూడదా అని అడగవచ్చు. తెల్లటి కణాలు వెలుతురును చెదరగొట్టి పసుపును దాచేస్తాయి. పాలలా కనిపిస్తున్న ద్రావణంలో సీరిక్ ఇంకా బోలెడు ఉండవచ్చు. టైట్రేషన్‌కు వీలు లేని చోట కనీసం చుక్క పరీక్ష చేయండి: పింగాణీ పలక గుంటలో పలుచని ఫెర్రాయిన్ ఒక చుక్క వేసి, చర్య ద్రావణం ఒక చుక్క కలపండి. ఎరుపు పోతే సీరిక్ ఇంకా బాగానే ఉంది, ఎరుపు నిలిస్తే చాలావరకు తగ్గింది.

6. పాలిమర్‌ను తూచడం

శాంపిల్ తీసిన ఫ్లాస్క్‌లోని పాలిమర్‌ను తూచవద్దు. అందులోంచి పాతిక మి.లీ. బయటికి పోయింది. అదే కొలతలతో రెండో ఫ్లాస్క్‌ను నడిపి, దాన్ని ముట్టుకోకుండా రెండు గంటలు ఉంచండి. తర్వాత మోర్ లవణం ద్రావణం కొంత పోసి చర్యను ఆపండి. కణాలు మరీ మెత్తగా ఉండి వడపోతలో దిగిపోతుంటే కాస్త ఉప్పు వేసి కలపండి, గడ్డకడతాయి. ముందే తూచిన జి-4 సింటర్డ్ క్రూసిబుల్‌లో వడకట్టి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, నీళ్లతో బాగా కడగండి. నైట్రిక్ ఆమ్లం ఆనవాలు పోయాక, చివరగా మిథనాల్‌తో కడగండి. మిథనాల్ మిగిలిన మోనోమర్‌ను తీసేస్తుంది, పాలిమర్‌ను కరిగించదు. 60 డిగ్రీల వద్ద వాక్యూమ్ ఓవెన్‌లో బరువు మారకుండా నిలిచే వరకు ఆరబెట్టండి.

ఉదాహరణకు 0.64 గ్రాములు వచ్చిందనుకుందాం. 1 గ్రాములో 64% మార్పు. ఇక్కడితో ఆగకుండా ఇంకో మెట్టు ఎక్కండి. మనం పోసిన సీరిక్ మొత్తం 0.0005 మోల్. పాలిమర్‌లో చేరిన మోనోమర్ 0.0064 మోల్. ప్రతి సీరిక్ అయాన్ ఒక గొలుసును మొదలుపెట్టి ఉంటే ఒక్కో గొలుసుకు 13 యూనిట్లే ఉండాలి. అంత పొట్టి గొలుసులైతే వచ్చేది ఇలా వడకట్టి ఆరబెట్టుకోగలిగే గట్టి పొడి కాదు. అసిటోన్‌లో కరిగించి స్నిగ్ధత కొలిస్తే గొలుసులు ఎన్నో రెట్లు పొడవని తెలుస్తుంది. మరి మిగతా సీరిక్ ఏమైంది? గ్లిజరాల్ రాడికల్ మోనోమర్‌ను చేరేలోపే దాన్ని ఇంకో సీరిక్ అయాన్ ఆక్సీకరించేసింది. పెరుగుతున్న గొలుసు చివరను కూడా సీరిక్ అయాన్ ఆక్సీకరించి ఆపేస్తుంది. పోయిన రంగులో ఎక్కువ భాగం గొలుసులు మొదలుపెట్టడానికి ఖర్చు కాలేదు. ఈ లెక్కను రికార్డులో తప్పకుండా రాయండి, ఈ ప్రయోగం నేర్పేదాంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

దీనికి కొనసాగింపుగా సీరిక్‌ను 5 మి.లీ. నుంచి 1 మి.లీ.కి తగ్గించి చూడండి. తగ్గిన నైట్రిక్ ఆమ్లానికి బదులుగా 1 మోలార్ ఆమ్లం 4 మి.లీ. అదనంగా పోయండి. గొలుసులు పొడవవుతాయి. ఇనిషియేటర్ ఎక్కువైతే పాలిమర్ కూడా ఎక్కువ వస్తుందనే ఊహ ఈ లోహ అయాన్ విషయంలో ఒక హద్దు వరకే పనిచేస్తుంది. మొదలుపెట్టేదీ అదే, ఆపేదీ అదే.

7. పోలిక ఫ్లాస్క్‌లు

మూడు పోలికలు లేకుండా ఈ ప్రయోగం పూర్తయినట్టు కాదు. మోనోమర్ లేకుండా, గ్లిజరాల్, సీరిక్ మాత్రమే ఉన్నది ఒకటి. ఇందులో పాలిమర్ ప్రశ్నే లేదు, అయినా రంగు పోతుంది. గ్లిజరాల్ లేకుండా మోనోమర్, సీరిక్ ఉన్నది రెండోది. మోనోమర్ నిజంగా శుద్ధమైతే ఇందులో పసుపు చాలాసేపు నిలవాలి. చప్పున పోతే నిరోధకం మిగిలిందన్నమాట, రెండో అంచెకు తిరిగి వెళ్లండి. మూడోది అన్నీ ఉండి నైట్రోజన్ పంపనిది. రంగు తగ్గుతుంది, తెల్లదనం మాత్రం ఆలస్యంగా వస్తుంది లేదా రాదు. ఈ మూడు ఫ్లాస్క్‌లనూ అసలుదాని పక్కన నిలబెట్టి ఒక ఫొటో తీసుకోండి.

ఏదైనా తేడా వస్తే

రంగు పోయింది, తెల్లదనం రాలేదు: ఆక్సిజన్ లేదా నిరోధకం. పై పోలికల్లో ఏది కారణమో తేలుతుంది.

రంగు పోలేదు, తెల్లదనమూ రాలేదు: సీరిక్ ద్రావణాన్ని ఎవరైనా సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చేశారేమో అడగండి. గ్లిజరాల్ పోయడం మరచిపోవడమూ జరుగుతుంది.

రంగు పోయాక కూడా బరువు కొంత పెరిగింది: ఇది తప్పు కాదు. నీళ్లలోంచి విడిపోయిన కణాల లోపల ఉన్న గొలుసులు కాసేపు పెరుగుతూ ఉండవచ్చు.

టైట్రేషన్ విలువలు ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నాయి: మోర్ లవణం పాతబడింది, లేదా ఫెర్రాయిన్ చుక్కలు లెక్క తప్పాయి. ఫెర్రాయిన్‌ను ముందే ఆమ్లంలో వేసి ఉంచకండి, గాఢమైన ఆమ్లంలో అది మెల్లగా విడిపోతుంది. టైట్రేషన్‌కు ముందే వేయండి.

ఇంకో అడుగు వేయాలనుకుంటే

గ్లిజరాల్ స్థానంలో ఉడికించి చల్లార్చిన గంజిపిండి ద్రావణం వాడవచ్చు. పిండిపదార్థం గొలుసులోని గ్లూకోజ్ యూనిట్లలో కూడా పక్కపక్క హైడ్రాక్సిల్‌లు ఉంటాయి. సీరిక్ అయాన్ వాటి మీదే రాడికల్‌ను పుట్టిస్తుంది, అక్రిలిక్ గొలుసు అక్కడి నుంచే కొమ్మలా పెరుగుతుంది. సీరిక్ అయాన్‌తో ఇలా గ్రాఫ్ట్ చేసే పద్ధతిని మినో, కైజర్మన్ 1958లో ప్రచురించారు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పియోరియా ప్రయోగశాలలో 1970లలో ఈ దారిలోనే పిండిపదార్థం మీద అక్రిలోనైట్రైల్‌ను పెంచి, దాన్ని జలవిశ్లేషణ చేసి, తన బరువుకు వందల రెట్లు నీటిని పీల్చే పదార్థాన్ని తయారుచేశారు. అక్రిలోనైట్రైల్ విషపూరితం, కళాశాల ప్రయోగశాలలో దాని జోలికి పోవద్దు. మిథైల్ మెథాక్రిలేట్‌తోనే చేయండి. వచ్చిన పదార్థాన్ని ఆరబెట్టి, సాక్స్‌లెట్‌లో (వేడి ద్రావణితో మళ్లీ మళ్లీ కడిగే పరికరంలో) అసిటోన్‌తో రోజంతా కడిగితే విడిగా ఏర్పడిన పాలిమర్ కరిగిపోతుంది. పిండిపదార్థానికి అతుక్కున్నది మిగులుతుంది. ఆ రెండు బరువుల నిష్పత్తి గ్రాఫ్టింగ్ ఎంత బాగా జరిగిందో చెబుతుంది.

పని ముగిశాక, మిగిలిన సీరిక్ ద్రావణాలన్నింటికీ పసుపు పోయే వరకు మోర్ లవణం కలపండి. సోడియం బైకార్బొనేట్‌తో తటస్థం చేసి, లోహ వ్యర్థాల సీసాలో పోయండి. మిథనాల్, అసిటోన్ కడుగులు రెండో సీసాలోకి. మిగిలిన మోనోమర్‌ను సింకులో పారబోయకండి, అది కూడా కర్బన ద్రావణుల సీసాకే చేరాలి.